చెన్నైలో ఎంప్లాయ్‌మెంట్ కార్డు: పేరు నమోదు నుంచి నిరుద్యోగుల లెక్క దాకా

ఉత్తర చెన్నైలోని తెలుగు ఇళ్లలో పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు దాచుకునే ప్లాస్టిక్ సంచిలోనే ఎంప్లాయ్‌మెంట్ కార్డు కూడా ఉంటుంది. అది దేనికి పనికొస్తుందో చాలామందికి తెలియదు. పదో తరగతి అయ్యాక బడిలో రాయించారు, మడతపెట్టి దాచుకున్నారు, అంతే. కొందరు దాన్నే ప్రభుత్వోద్యోగానికి టోకెన్ అనుకుని ఏళ్ల తరబడి కబురు కోసం ఎదురుచూస్తారు. మరికొందరు దానివల్ల ఒరిగేదేమీ లేదని రెన్యూవల్ చేయించడమే మానేస్తారు. రెండు విధాలా నష్టపోయేది వాళ్లే. మా పేటలో పిల్లలకు ఈ దరఖాస్తులు నింపిపెడుతూ నేను తెలుసుకున్నదేమిటంటే, ఆ కార్డు మీద అన్నింటికంటే విలువైనది నమోదు తేదీ. మన పేరు ఏ వరుసలో ఏ రోజున చేరిందో చెప్పే కాగితం అది. ఆ వరుసలో మొత్తం ఎంతమంది ఉన్నారో ప్రభుత్వం నెలనెలా లెక్క కడుతుంది, ఆ లెక్కే పత్రికల్లో ‘నిరుద్యోగుల సంఖ్య’ అనే శీర్షిక కింద కనిపిస్తుంది. పేరు రాయించుకోవడం ఎలాగో, దాన్ని నిలబెట్టుకోవడం ఎలాగో, ఆ లెక్క ఎలా తయారవుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఒక్కొక్క మెట్టుగా ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ వరుస ఎక్కడి నుంచి వచ్చింది

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ సైన్యం నుంచి విడుదలయ్యే లక్షలాది మందికి పని చూపడం కోసం 1945 జూలైలో మన దేశంలో ఉపాధి కార్యాలయాల వ్యవస్థ మొదలైంది. తర్వాత దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవారికి కూడా ఈ సేవ అందింది, 1948 తొలినాళ్లలో అందరికీ తలుపులు తెరిచారు. 1952లో నియమితమైన శివరావు కమిటీ సిఫారసు మేరకు 1956 నవంబరు 1న ఈ కార్యాలయాల రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. భాషా ప్రాతిపదికన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కూడా సరిగ్గా ఆ రోజునే. చెన్నైలో ఉండే తెలుగువారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే రిజిస్టరు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. తిరుపతిలోనో నెల్లూరులోనో రాయించుకున్న పేరుకు తమిళనాడు వరుసలో దానంతట అది చోటు దొరకదు.

మొదటి మెట్టు: ఏ కార్యాలయమో తేల్చుకోవడం

తమిళనాడులో ఈ పని చూసేది ఉపాధి, శిక్షణ శాఖ. జనం నోట అది ‘వేలైవాయ్ప్పు అలువలగం’, మన ఇళ్లలో ‘ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు’. డిగ్రీ వరకు చదివినవారు తాము నివసించే జిల్లా ఉపాధి కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. పోస్టు గ్రాడ్యుయేషన్ చేసినవారికి, ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం వంటి వృత్తి డిగ్రీలు ఉన్నవారికి వేరుగా ‘ప్రొఫెషనల్ అండ్ ఎగ్జిక్యూటివ్’ కార్యాలయాలు ఉన్నాయి. రాష్ట్రంలో అవి రెండే, ఒకటి చెన్నైలో, మరొకటి మదురైలో. చెన్నై కార్యాలయం గిండీలో ఆలందూరు రోడ్డు మీద, తిరు.వి.క. పారిశ్రామికవాడలోని ఉపాధి కార్యాలయాల సముదాయంలో ఉంది.

నగరం అంచున ఉండేవారు జిల్లా విషయంలో జాగ్రత్తపడాలి. 2018లో చెన్నై జిల్లా హద్దులను కార్పొరేషన్ హద్దులతో సమానం చేసినప్పుడు అంబత్తూరు, మాధవరం, ఆలందూరు వంటి ప్రాంతాలు చెన్నై జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు తిరువళ్లూరు, కాంచీపురం జిల్లాల కింద తీసుకున్న కార్డుల మీద పాత జిల్లా పేరే కనిపిస్తుంది. కార్డులోని చిరునామా, ఆధార్‌లోని చిరునామా, ఇప్పుడు ఉంటున్న ఇల్లు ఈ మూడూ ఒకే జిల్లాలోకి వస్తున్నాయో లేదో ఒకసారి సరిచూసుకుని, తేడా ఉంటే కార్యాలయంలో మార్పు కోరుతూ అర్జీ పెట్టండి. మార్పు కోరేటప్పుడు పాత నమోదు తేదీ కొనసాగుతుందా లేదా అన్నది తప్పకుండా అడిగి తెలుసుకోండి. కంగారులో కొత్తగా పేరు రాయించేసుకుంటే పాత సీనియారిటీ పోతుంది.

రెండో మెట్టు: కాగితాలు, ముఖ్యంగా పేరు

నమోదు ఇప్పుడు శాఖ వెబ్‌సైట్‌లోనే చేసుకోవచ్చు, అది చేతకానివారు ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు అందించే ఇ-సేవై కేంద్రానికి వెళ్లవచ్చు. మార్కుల జాబితాలు, బదిలీ పత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, ఫొటో, సొంత ఫోన్ నంబరు సిద్ధంగా పెట్టుకోవాలి. ఇక్కడిదాకా ఎవరికైనా ఒకటే. తెలుగు కుటుంబాలకు అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది.

తమిళనాడులో పేరుకు ముందు వచ్చే అక్షరం తండ్రి పేరులోని మొదటి అక్షరం, మనకేమో అది ఇంటిపేరు. ఒకమ్మాయి కాగితాలు నింపడానికి నేను కూర్చున్నప్పుడు పదో తరగతి జాబితాలో ‘ఆర్’ అనే ఇనీషియల్ ఉంది, అది తండ్రి రాములు పేరులోది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది. కుల ధ్రువపత్రంలో ఇంటిపేరూ లేదు, ఇనీషియలూ లేదు. ముగ్గురు వేర్వేరు మనుషుల కాగితాల్లా కనిపించాయి. “మా బళ్లో టీచరమ్మ నాన్న పేరు అడిగి అలా రాసింది అక్కా, అప్పుడు నాకేం తెలుసు” అంది. ఇలాంటప్పుడు పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని, మిగతా కాగితాలను దానికి అనుగుణంగా దిద్దించుకోవడం మేలు. ఆధార్‌లో పేరు మార్చుకోవడం ఎంతోకొంత తేలిక; పాత మార్కుల జాబితాలో పేరు మార్చాలంటే పరీక్షల విభాగం చుట్టూ తిరగాలి. ఎంపిక జాబితా వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఈ తేడా బయటపడితే అప్పటికప్పుడు సరిదిద్దుకోవడానికి సమయం ఉండదు కాబట్టి, నమోదుకు ముందే ఈ పని పూర్తిచేయాలి.

కుల ధ్రువపత్రం విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. తమిళనాడు రిజర్వేషన్‌కు తమిళనాడు తహసీల్దారు ఇచ్చిన పత్రమే చెల్లుతుంది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు కులంగానో తెగగానో గుర్తింపు ఉన్న వ్యక్తి మరో రాష్ట్రానికి వలస వెళ్తే ఆ గుర్తింపు వెంట రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తేల్చింది. కాబట్టి ఆంధ్రలో తీసుకున్న పత్రం అప్‌లోడ్ చేసి, ఆ వర్గం కింద వరుసలో ఉన్నామనుకోవడం ప్రమాదం. మరోవైపు, తరతరాలుగా చెన్నైలో పారిశుద్ధ్య పనుల్లో, తోలు పనుల్లో ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి దక్కవలసినది దక్కడం లేదు. షెడ్యూల్డు కులాలకు ఉన్న 18 శాతంలో అరుంధతియార్లకు 3 శాతం అంతర్గత రిజర్వేషన్‌ను తమిళనాడు 2009లో చట్టం చేసింది. ఆ జాబితాలో అరుంధతియార్, చక్కిలియన్, మాదారి, పగడై, తోటిలతో పాటు ఆది ఆంధ్ర, మాదిగ పేర్లు కూడా ఉన్నాయి. అయినా పాత కార్డుల్లో వట్టి ‘ఎస్సీ’ అని మాత్రమే రాయించుకుని ఊరుకున్నవారిని నేను ఎందరినో చూశాను. మీ ధ్రువపత్రంలో ఈ ఏడు పేర్లలో ఏదైనా ఉంటే, కార్డులో ‘ఎస్సీఏ’ (ఎస్సీ అరుంధతియార్) అని నమోదయ్యేదాకా వదలకండి.

మూడో మెట్టు: దరఖాస్తు నింపడం

దరఖాస్తులో అడిగేవన్నీ నింపితే సరిపోతుందని అనుకోవద్దు. అభ్యర్థిని ఏ ఉద్యోగానికి పంపాలో కార్యాలయం నిర్ణయించేది ఆయన విద్యార్హతకు, నైపుణ్యానికి ఇచ్చిన కోడ్‌ను బట్టి. దేశంలోని పనులన్నిటినీ వర్గీకరించే జాతీయ వృత్తుల పట్టిక ఒకటుంది; 2015 నాటి పట్టికలో ప్రతి పనికీ ఎనిమిది అంకెల సంఖ్య ఉంటుంది. టైపు హయ్యర్ పాసైన అభ్యర్థి ఆ అర్హత రాయకపోతే టైపిస్టు ఖాళీ వచ్చినప్పుడు కంప్యూటరు ఆ పేరును వెతకదు. డ్రైవింగ్ లైసెన్సు, ఐటీఐ ట్రేడు, నర్సింగ్ శిక్షణ, షార్ట్‌హ్యాండ్, కండక్టర్ లైసెన్సు వంటివి ఏవున్నా ఒక్కొక్కటీ విడిగా ఎక్కించండి. తెలిసిన భాషలు రాసే చోట చదవడం, రాయడం, మాట్లాడటం మూడూ వేరువేరుగా గుర్తించాలి. తెలుగు రాయడం వచ్చినవారు కూడా అక్కడ తమిళం, ఇంగ్లీషు మాత్రమే రాసి వచ్చేస్తుంటారు. తెలుగు తెలిసిన మనిషి కావాలని ఖాళీ వచ్చినప్పుడు ఆ పేర్లు జాబితాలోకి రావు.

ప్రతి అర్హతకూ దాని నమోదు తేదీ దానికే ఉంటుంది. పదో తరగతి తేదీ ఒకటి, ప్లస్‌టూ తేదీ ఇంకొకటి, డిగ్రీ తేదీ మరొకటి. డిగ్రీ అయిన వెంటనే దాన్ని చేర్చకుండా మూడేళ్లు ఆగితే డిగ్రీ వరుసలో మూడేళ్లు వెనకబడినట్టే. తమిళనాడులో పది, ప్లస్‌టూ మార్కుల జాబితాలు ఇచ్చే రోజుల్లో బడుల్లోనే ఆన్‌లైన్ నమోదు చేస్తారు, నిర్ణీత గడువులో నమోదైన వారందరికీ ఒకే సీనియారిటీ తేదీ ఇస్తారు. ఈ సౌకర్యాన్ని వదులుకోవద్దు. అయితే బడిలో కంప్యూటరు ముందు కూర్చున్నవారు కులం, పేరు తప్పుగా కొట్టారేమో ఆ వారంలోనే చూసుకోండి.

నిరాశ్రయులైన వితంతువులు, దివ్యాంగులు, మాజీ సైనికులు, కులాంతర వివాహం చేసుకున్నవారు వంటి వర్గాలకు ప్రాధాన్యం ఉంటుంది. దానికి తగిన అధికారి ఇచ్చిన పత్రం జతపరచాలి. ఇంట్లో ఇలాంటివారు ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దని పెద్దవాళ్లకు చెప్పండి.

నమోదు పూర్తయ్యాక వచ్చే నంబరును చదవడం నేర్చుకోండి. మొదట కార్యాలయాన్ని సూచించే అక్షరాలు, తర్వాత నమోదైన సంవత్సరం, ఆ తర్వాత పురుషులకు ‘ఎం’, స్త్రీలకు ‘ఎఫ్’, చివర వరుస సంఖ్య. ఈ నంబరే మీ లాగిన్ పేరు. పాత కాలపు కాగితపు కార్డును సిబ్బంది ‘ఎక్స్-10’ అంటారు, కార్యాలయంలో ఉండే మీ వివరాల కార్డు ‘ఎక్స్-1’. ఎవరైనా పాత ఉద్యోగి ఆ మాట అంటే తడబడాల్సిన పని లేదు.

నాలుగో మెట్టు: మూడేళ్లకోసారి రెన్యూవల్

పేరు నమోదైన నెల నుంచి ప్రతి మూడేళ్లకు ఒకసారి రెన్యూవల్ చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని, ఖర్చు లేదు. ఈ పది నిమిషాల పని మరిచిపోయి నేను నా సొంత సీనియారిటీ పోగొట్టుకున్నాను. ఇల్లు మారిన ఏడాది, అమ్మకు ఆపరేషన్ జరిగిన ఏడాది, కార్డు ఏ పెట్టెలో ఉందో కూడా తెలియలేదు. గడువు, ఆ తర్వాత ఇచ్చే వెసులుబాటు రెండూ దాటాక కార్యాలయానికి వెళ్తే కొత్తగా రాయించుకోవలసిందేనని చెప్పారు. తొమ్మిదేళ్ల తేదీ ఒక్క రోజులో చెరిగిపోయింది. ఆ బాధ ఇంకొకరికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను. గడువు తప్పినవారికి రాష్ట్ర ప్రభుత్వం అప్పుడప్పుడు ప్రత్యేక ఉత్తర్వుతో మళ్లీ అవకాశం ఇస్తుంది, కానీ అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. రెన్యూవల్ నెలను ఫోన్ క్యాలెండర్‌లో, ఇంటి గోడ క్యాలెండర్‌లో రెండు చోట్లా రాసిపెట్టండి. రెన్యూవల్ చేసిన ప్రతిసారీ వచ్చిన కాగితం ప్రింటు తీసి దాచండి.

ఐదో మెట్టు: కార్డు ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

1959లో పార్లమెంటు చేసిన ఉపాధి కార్యాలయాలకు ఖాళీల తప్పనిసరి తెలియజేత చట్టం 1960 మే 1 నుంచి అమలైంది. ప్రభుత్వ రంగ సంస్థలన్నీ, 25 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రైవేటు సంస్థలూ ఖాళీలను ఉపాధి కార్యాలయానికి తెలియజేయాలని ఈ చట్టం చెప్పింది. తెలియజేయాలని మాత్రమే చెప్పింది. అక్కడి నుంచి వచ్చిన అభ్యర్థినే తీసుకోవాలని ఎక్కడా నిర్బంధించలేదు. ఎంప్లాయ్‌మెంట్ కార్డు ఉంది కాబట్టి ఉద్యోగం ఇవ్వాలని అడిగే హక్కు లేకపోవడానికి మూలం ఇదే.

ఈ చట్టం వదిలేసిన ఖాళీలు చూస్తే మనసు కలుక్కుమంటుంది. వ్యవసాయ పనులు, ఇళ్లలో పనులు, మూడు నెలల లోపు పనులు, నైపుణ్యం అక్కర్లేని కార్యాలయ పనులు దీని పరిధిలోకి రాలేదు. ఆ చివరి వర్గం కింద ప్యూన్, వాచ్‌మన్, స్వీపర్ అని చట్టమే పేర్లు పెట్టి రాసింది. చెన్నై తెలుగు కుటుంబాల్లో ఎన్నో తరాలు బతికింది ఆ పనుల మీదే. ఆ చట్టం ప్రకారం ఆ ఖాళీలను ఈ కార్యాలయానికి తెలియజేయవలసిన బాధ్యత ఎవరికీ లేకపోయింది.

ఖాళీ వివరాలు వచ్చాక కార్యాలయం అర్హత, వర్గం, ప్రాధాన్యం, సీనియారిటీ వరుసలో పేర్లు తీసి యజమానికి పంపుతుంది. ఒకప్పుడు ప్రభుత్వ నియామకాల్లో ఈ జాబితాకు చాలా బరువు ఉండేది. కృష్ణా జిల్లా మల్కాపట్నం ఎక్సైజ్ సూపరింటెండెంట్ కార్యాలయ నియామకాల మీద వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇస్తూ, ఉపాధి కార్యాలయం పంపే పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లో కూడా ప్రకటించి, దరఖాస్తు చేసిన అర్హులందరినీ పరిశీలించాలని చెప్పింది. అప్పటి నుంచి సీనియారిటీ ఒక్కదానితో ఉద్యోగం దక్కే దారి సన్నబడింది. ఇప్పుడు తమిళనాడులో ఎక్కువ కొలువులు తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీఎన్‌పీఎస్సీ) పోటీ పరీక్షల ద్వారానే నిండుతాయి; 2021 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం అందులో తమిళ భాషా పేపరులో 40 శాతం రాకపోతే మిగతా జవాబుపత్రం దిద్దరు. తెలుగు మాధ్యమంలో చదివినవారు కార్డు మీద ఆశపెట్టుకుని కూర్చోకుండా తమిళ వ్యాకరణం మీద కూర్చోవాలి. ఉపాధి కార్యాలయాల్లోనే పోటీ పరీక్షలకు ఉచిత శిక్షణ ఇచ్చే స్టడీ సర్కిళ్లు ఉన్నాయి, శుక్రవారాల్లో ప్రైవేటు ఉద్యోగ శిబిరాలు జరుగుతాయి. నా అనుభవంలో కార్డు వల్ల పిల్లలకు నేరుగా దక్కిన మేలు ఈ రెండింటి నుంచే.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఈ పాత చట్టాన్ని తనలో కలుపుకుంది. అందులో ఉపాధి కార్యాలయానికి ‘కెరీర్ సెంటర్’ అని పేరు, సంస్థల పరిమితి 25 నుంచి 20 మందికి తగ్గింది. ఈ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. కేంద్రం 2015 జూలై 20న ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వేరు. అందులో పేరు నమోదు చేసినంత మాత్రాన రాష్ట్ర సీనియారిటీ రాదు. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టు 26న వచ్చిన ఇ-శ్రమ్ మరొకటి. మూడింటినీ కలగాపులగం చేయవద్దు.

ఆరో మెట్టు: నిరుద్యోగ భృతి

భృతి కావాలంటే కూడా కార్డు బతికి ఉండాలి. పేరు నమోదు చేసి ఐదేళ్లు నిండి, అప్పటికీ పని దొరకనివారికి తమిళనాడు నెలకు ఇచ్చేది పదో తరగతి తప్పినవారికి 200 రూపాయలు, పాసైనవారికి 300, ప్లస్‌టూకు 400, డిగ్రీకి 600. మూడేళ్లపాటు ఇస్తారు. దివ్యాంగులకు ఏడాది నిండితే చాలు. వారికి పదో తరగతి వరకు 600, ప్లస్‌టూకు 750, డిగ్రీకి 1,000 రూపాయల చొప్పున పదేళ్లు ఇస్తారు. సాధారణ అభ్యర్థుల కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలు మించకూడదు. వయసు 40 లోపు, ఎస్సీ, ఎస్టీలకు 45 లోపు ఉండాలి. వృత్తి డిగ్రీలవారికి వర్తించదు. తమిళనాడులోనే చదువు పూర్తిచేసి ఉండాలి, లేదా తల్లిదండ్రులు కనీసం 15 ఏళ్లుగా ఇక్కడ నివసిస్తూ ఉండాలి. సూళ్లూరుపేటలో పదో తరగతి చదివి వచ్చిన పిల్లలకు ఈ రెండో వీలే ఆధారం కాబట్టి, తల్లిదండ్రుల పాత రేషన్ కార్డులు, ఓటరు కార్డులు పారేయకండి. 200 రూపాయలు ఈ రోజుల్లో ఏపాటి అన్నది న్యాయమైన ప్రశ్నే. ఆ మొత్తాలు పెంచవలసినవని నా గట్టి అభిప్రాయం.

ఏడో మెట్టు: కార్యాలయం లెక్క ఎలా తయారవుతుంది

ఇక లెక్క దగ్గరికి వద్దాం. ప్రతి ఉపాధి కార్యాలయంలో ‘లైవ్ రిజిస్టర్’ ఉంటుంది, అంటే ఆ రోజుకు గడువు తీరని పేర్ల పట్టిక. నెల మొదట్లో ఉన్న పేర్లకు ఆ నెలలో కొత్తగా నమోదైనవి, వేరే చోటి నుంచి బదిలీ అయి వచ్చినవి కలుపుతారు. ఉద్యోగంలో చేరినట్టు సమాచారం అందినవి, రెన్యూవల్ లేక రద్దయినవి, బదిలీ అయి వెళ్లినవి తీసేస్తారు. మిగిలినదే నెలాఖరు సంఖ్య. ఒక కార్యాలయంలో మొదట లక్ష పేర్లు ఉన్నాయనుకుందాం. మార్కుల జాబితాలు ఇచ్చిన నెలలో పదివేలు కొత్తగా చేరాయి, రెండువేల పేర్లు రెన్యూవల్ లేక పోయాయి, యాభై మందికి ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకు 1,07,950. పత్రికలో ‘నెలలో ఎనిమిదివేల మంది నిరుద్యోగులు పెరిగారు’ అని వస్తుంది. నిజానికి ఆ నెలలో పెరిగినవారిలో అత్యధికులు ప్లస్‌వన్‌లోనో కాలేజీలోనో చేరబోయే పిల్లలు.

రాష్ట్రం వెల్లడించే వివరాల్లోనే ఇది కనిపిస్తుంది. నమోదైనవారిని 18 ఏళ్ల లోపు, 19–30, 31–45, 46–60, 60 దాటినవారు అని విడదీస్తారు. 2023 ప్రాంతంలో రాష్ట్రం మొత్తం సంఖ్య 60 లక్షలు దాటి ఉండేది. అందులో పద్దెనిమిది నిండని బడిపిల్లలూ ఉన్నారు, అరవై దాటిన పెద్దలూ ఉన్నారు. ప్రైవేటు కంపెనీలో జీతం తీసుకుంటూ ప్రభుత్వ కొలువు మీద ఆశ వదలనివారు ఉన్నారు. పేరు నమోదు చేసినవారందరూ నిరుద్యోగులే కానవసరం లేదని కేంద్ర కార్మిక శాఖ కూడా ఈ గణాంకాలతో పాటు చెబుతూ వచ్చింది. మరోవైపు, ఉదయం అయిదింటికి కూలీల అడ్డాలో నిలబడి పని దొరక్క వెనక్కి వెళ్లే మేస్త్రీ పేరు ఈ రిజిస్టరులో ఉండదు. పని పోయి ఇంట్లో కూర్చున్న ఇళ్ల పనిమనిషి పేరు ఉండదు. సంఖ్య ఒక్కసారిగా తగ్గినప్పుడు కూడా తొందరపడి సంతోషించకూడదు. ఒక ప్రత్యేక రెన్యూవల్ గడువు ముగిసి లక్షల పేర్లు రద్దయినా సంఖ్య తగ్గుతుంది.

ఎనిమిదో మెట్టు: గుమ్మం దగ్గరికి వచ్చే లెక్క

నిరుద్యోగ రేటు అని మనం వినే శాతం ఈ రిజిస్టరు నుంచి రాదు. దాని కోసం జాతీయ గణాంక కార్యాలయం ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడుగుతుంది. ఎం.ఎల్. దంత్వాలా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1970లో ఇచ్చిన సూచనల మీద 1972–73 నుంచి సుమారు ఐదేళ్లకోసారి ఈ సర్వేలు జరిగాయి. 2017 ఏప్రిల్ నుంచి ‘పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే’ పేరిట నిరంతరం జరుగుతోంది. 2025 జనవరి నుంచి ఎంపికైన ఇంటికి వరుసగా నాలుగు నెలలు నాలుగుసార్లు వస్తున్నారు, ప్రతి నెలా అంకెలు ప్రకటిస్తున్నారు.

మా పక్కవాటాలో ఇలాంటి సర్వే జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. తమిళంలో అడుగుతున్న అమ్మాయికి, తెలుగు తప్ప రాని అత్తమ్మకు మధ్య నేను మాటలు అందించాను. “మావాడు ఖాళీగానే ఉన్నాడమ్మా, ఏడాదిగా ఉద్యోగం లేదు” అంది అత్తమ్మ. ఆ అమ్మాయి వారం రోజులూ ఒక్కొక్కటిగా అడిగింది. ఆదివారం దగ్గరికి వచ్చేసరికి, మామయ్య పచారీ కొట్లో పొద్దున రెండు గంటలు కూర్చున్నాడని తేలింది. వారం పద్ధతిలో ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పనిచేసినవారు పని ఉన్నవారి కింద వస్తారు, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా సాయపడినా సరే. ఒక్క గంట కూడా పని దొరకకుండా, పని వెతికినవారు లేదా పనికి సిద్ధంగా ఉన్నవారు మాత్రమే నిరుద్యోగులు. “ఖాళీగా ఉన్నాడు మొర్రో అంటే పనిలో ఉన్నాడని రాసుకుందేమిటే?” అని అత్తమ్మ తర్వాత నన్ను నిలదీసింది. ఆ కుర్రాడికి ఎంప్లాయ్‌మెంట్ కార్డు ఉంది. అంటే గిండీ రిజిస్టరులో అతను ఉద్యోగార్థి, ఈ సర్వేలో ఉపాధి ఉన్నవాడు. రెండు లెక్కల్లో దేనిలోనూ తప్పు లేదు, కొలిచినది వేరు.

సర్వేలో మరో పద్ధతి ‘సాధారణ స్థితి’. గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏ స్థితిలో ఉన్నారో చూస్తారు, అదనంగా 30 రోజులకు తగ్గకుండా చేసిన పనిని కూడా లెక్కలోకి తీసుకుంటారు. రేటు కట్టేటప్పుడు పని ఉన్నవారినీ, నిరుద్యోగులనూ కలిపిన శ్రామిక బలాన్ని భాజకంగా తీసుకుని, అందులో నిరుద్యోగులు ఎందరో చూస్తారు. చదువుకునేవారు, ఇంటిపనికే పరిమితమై పని కోరనివారు భాజకంలోనే ఉండరు. టీఎన్‌పీఎస్సీకి చదువుతూ ప్రస్తుతం ఏ పనికీ సిద్ధంగా లేనివారు కూడా దీని వెలుపలే.

తొమ్మిదో మెట్టు: పత్రికలో అంకె కనబడినప్పుడు

ఒక ఉదాహరణ చూడండి. 2023–24 సంవత్సరానికి దేశం మొత్తంలో 15 ఏళ్లు పైబడినవారిలో నిరుద్యోగ రేటు 3.2 శాతం. 2025 ఏప్రిల్‌కు 5.1 శాతం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి నిరుద్యోగం విపరీతంగా పెరిగిందని వాదించినవారు ఉన్నారు. మొదటిది సాధారణ స్థితి లెక్క, రెండోది వారం లెక్క. అదే 2023–24లో వారం లెక్క 4.9 శాతం. పోల్చవలసింది 4.9తో 5.1ని, అది కూడా ఒకటి ఏడాది సగటు, ఇంకొకటి ఒక్క నెల అంకె అని గుర్తుంచుకుని.

కాబట్టి అంకె చూడగానే అది రిజిస్టరు నుంచి వచ్చిందా, సర్వే నుంచి వచ్చిందా అన్నది ముందు చూడండి. లక్షల్లో తలల సంఖ్య ఇచ్చి జిల్లాల వారీగా విడదీస్తే సాధారణంగా రిజిస్టరు, శాతం ఇస్తే సర్వే. రిజిస్టరు అయితే వయసుల విభజన చదవండి; 18 ఏళ్ల లోపువారిని పక్కన పెట్టాక ఎంత మిగులుతుందో చూడండి, అది మార్కుల జాబితాల నెలా కాదా అన్నది గమనించండి. సర్వే అయితే అది ఏడాది స్థితా, వారం స్థితా, ఎన్నేళ్లు పైబడినవారిదో చూడండి.

సర్వేవారు మీ ఇంటికే వస్తే, ‘ఖాళీగా ఉన్నాడు’ అనే ఒక్క మాటతో ముగించకుండా ప్రతి మనిషికీ గడిచిన ఏడు రోజుల్లో ఏ రోజు ఎన్ని గంటలు ఏ పని చేశారో, పని కోసం ఎక్కడ అడిగారో, దొరికితే చేయడానికి సిద్ధమో కాదో విడివిడిగా చెప్పండి. ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే అమ్మ పని కూడా చెప్పండి. భాష అడ్డొస్తే తమిళం వచ్చిన పక్కింటివారిని పిలవండి, పత్రం మీద ఏం రాసుకున్నారో ఒకసారి చదివి వినిపించమని అడగండి.